కొట్టేసిన మాటలు

బెర్గెన్‌లో వాన ఆగితేనే వింత.
రేవు వీధిలో, మూడో అంతస్తులో,
ఆడిటర్ల క్రమశిక్షణ సంఘం కూర్చునే గదిలో
గొడుగుల నుంచి కారిన నీళ్ళు మాత్రం
ఎవరి పక్షమూ పట్టకుండా నేల మీద పాకుతాయి.

పంతొమ్మిదేళ్ళుగా అక్కడ మినిట్స్ రాసేదాన్ని నేను.
దగ్గు రాయను. నిట్టూర్పు రాయను.
గొంతు ఎక్కడ మెత్తబడిందో రాయడానికి
ఫారంలో గడి లేదు.

సోమవారం ఐవిన్ స్కౌగెన్ వచ్చాడు.
పదకొండేళ్ళు, నాలుగు దొంగ కంపెనీలు,
సైప్రస్‌లో ఒక తపాలా పెట్టె,
ఎగుమతి లెక్కల్లో ఏ సముద్రంలోనూ ఈదని చేపలు.
"ఎలా చేశారు?" అని అడిగారు.
అతను బోర్డు మీద బాణాలు గీశాడు.
ముందుకు వంగి మరీ చూశారు.
ఒకాయన మెచ్చుకోలుగా చిన్న నవ్వు నవ్వాడు.
నవ్వు కూడా రాయను.

గురువారం టోరున్ హాగవిక్.
మూడు చెక్కులు, ఒక దొంగ సంతకం.
అంతా కలిపినా స్కౌగెన్ పడవకి తెరచాప గుడ్డ రాదు.
"ఎందుకు చేశావు?"

మా భాషలో ఇప్పుడు అందరికీ ఒకటే నువ్వు.
మా అమ్మమ్మ నాటి మీరు ఎప్పుడో చచ్చిపోయింది.
అది సోమవారం లేచొచ్చి కూర్చుని
గురువారానికి మళ్ళీ పడుకుంది.

పిల్లాడికి జబ్బా? మొగుడి అప్పులా?
ఎవరైనా బెదిరించారా?
చలేస్తోందని శాలువా అందించినట్టు
ఒక్కో కారణమే అందించారు.
ఆమె కప్పుకోలేదు.

అందరికన్నా గట్టిగా అడిగింది గున్‌వోర్.
సంఘంలో ఒకే ఒక్క ఆడమనిషి,
ఆ కుర్చీ దాకా రావడానికి ముప్ఫయ్యేళ్ళు నడిచిన మనిషి.
"నీలాంటి వాళ్ళ వల్లే మా అందరికీ..." అని ఆగిపోయింది.
చుక్కలు పెట్టాను.

అప్పుడు టోరున్ అంది:
"జాలికథ లేదు నా దగ్గర.
సోఫా కొన్నాను. లిస్బన్ వెళ్ళి
వారం రోజులు కాల్చిన చేపలు తిన్నాను. బాగున్నాయి.
వేటకి నన్ను పిలవలేదు, ఆవిరిగదికి పిలవలేదు, పడవెక్కమనలేదు.
కోట్లు చేతులు మారే విందుల్లో
నా చేతికొచ్చినవీ కోట్లే,
కొక్కేనికి తగిలించమని ఇచ్చిన తడి ఉన్ని కోట్లు.
తక్కువ దొంగిలించింది మంచిదాన్నై కాదు.
నా తాళంచెవి పట్టిన సొరుగు అంతే."

అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"అప్రస్తుతం. కొట్టేయండి."
కొట్టేశాను.

అతనికి పద్దెనిమిది నెలల సస్పెన్షన్.
మంచు కరగకముందే ఒక బ్యాంకు పిలిచింది,
మోసాలు ఎలా పట్టాలో పాఠం చెప్పమని.
ఆమె లైసెన్సు శాశ్వతంగా రద్దు.
చేపల బజారు వెనక పూల దుకాణంలో కాడలు కోస్తుంది;
గల్లాపెట్టె ముట్టుకోనివ్వరు.
మొన్న తులిప్పులు కొన్నాను. నన్ను గుర్తుపట్టలేదు.
మినిట్స్ రాసేవాళ్ళ మొహం ఎవరికి గుర్తుంటుంది?

ఆ కొట్టేసిన కాగితం మాత్రం
కోటు లోపలి జేబులో ఇంటికి తెచ్చుకున్నాను.
సంఘం సొత్తు. నియమావళి ప్రకారం దొంగతనమే.
ఏదో ఒకరోజు నన్నూ ఆ బల్ల ముందు నిలబెడతారు.
మొదట ఏమని అడుగుతారో
నాకు తెలుసు.