గురిపూస

అక్టోబరు ఆఖరున కుహ్మో అడవిలో
నాలుగు కొట్టేసరికి వెలుతురు చేతులు దులిపేసుకుంటుంది.
పొద్దు గుంకాక ఇంకో గంట
వేటాడుకోమంటుంది చట్టం.
నా కళ్ళే ఒప్పుకోవు.
అరవై మూడేళ్ళ చత్వారం నాది.

తుపాకి వీల్యోది.
మనిషి పోయి నాలుగు చలికాలాలైనా
కుందాకి ఆయన దవడ చెమట వాసన పోలేదు.
వెనక గాడి కనిపిస్తుంది,
గొట్టం సగం దాకా కనిపిస్తుంది,
కొసన గురిపూస మాత్రం
వంటింటి చీకట్లో జారిపడ్డ ఆవగింజ.

ఆయనకి దీంతో తగువు వేరు.
మార్చి మంచులో నక్కల కోసం వెళ్తే
మిట్టమధ్యాహ్నం తళతళలాడి గురి చెదరగొడుతోందని
భూర్జపట్ట ముట్టించి, ఆ పొగ పట్టి
పూసకి మసి పూసేవాడు.
ఎక్కువ వెలుగుతో ఆయన, తక్కువ వెలుగుతో నేను.
ఒకే పూస మీద ఇద్దరి కాపురం.

సుద్ద రాశాను. వానకి కరిగిపోయింది.
టూత్‌పేస్టు రాశాను. ఎండి రాలింది.
"జాగ్రత్త, పళ్ళు తోముకోడానికొస్తాయి దుప్పులు"
అని నవ్వాడు ఓస్మో.
దుర్బిణీ బిగించుకోమన్నాడు కొట్టువాడు.
వీల్యో ఇనుముకి కొత్తగా తూట్లు పొడవనా!

మనవరాలు హిల్లా, తొమ్మిదేళ్ళది,
సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసింది.
"ఇది చీకట్లో వెలుగుతుంది, మమ్మో."
నేను బోల్టు ఊడదీసి పక్కన పెట్టాను.
ముందు తన చిటికెన గోటికి వేసుకుని
తర్వాత తుపాకికి వేసింది,
నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి.
ఆరీ ఆరకముందే ఇంకో పూత.
దానిమీద ఇంకోటి.
నేనూ వద్దనలేదు.

మర్నాడు అసురసంధ్య.
చిత్తడి అంచున మొద్దు మీద కూర్చుని
పూసని టార్చి కింద పట్టి పది లెక్కపెట్టాను.
ఓస్మో కుక్క ఎక్కడో రెండుసార్లు మొరిగి ఊరుకుంది.
అప్పుడొచ్చింది స్ప్రూస్ చెట్ల సందులోంచి
హిర్వి, గుర్రమంత దుప్పి.
అంత ఒళ్ళు, పుల్ల విరిగిన చప్పుడైనా లేదు.

భుజానికెత్తాను.
కనిపించింది! అబ్బ, ఎంత బాగా!
పసిదాని పెదవికంటిన మెతుకులా
గాడి నడుమ కుదురుగా కూచుంది.
కానీ నూట యాభై గజాల అవతల
పూస ఎక్కడ పెడితే అక్కడ దుప్పి లేదు.
రొమ్ము మీద పెడితే రొమ్ము లేదు.
కాళ్ళ మీదికి దించితే కాళ్ళు లేవు.
ఆకుపచ్చ వెలుగు కంట్లో పొంగి
చుట్టూ ఉన్నదంతా తాగేసింది.
మీట మీద వేలు.
ఊపిరి రెండుసార్లు వెళ్ళొచ్చింది.
దించేశాను.
వీల్యో అయితే కాల్చేవాడా?
ఏమో.

తెల్లారి వెళ్ళి చూశాను.
రాత్రి రాలిన నూగుమంచు కింద, మెత్తటి బురదలో
పెద్ద గిట్టల జాడ.
దానికి ఇవతల, నావైపే,
అరచేతిలో ఇమిడే చిన్న జాడ.
రెండు ముందరి గిట్టలూ లోతుగా దిగి ఉన్నాయి.
నాకేసి తిరిగి
చాలాసేపే నిలబడినట్టుంది.

ఇంటికొచ్చి, స్వెట్టరు కూడా విప్పకుండా
సూదితో గీకడం మొదలుపెట్టాను.
సూదిమొనంత చుక్క ఉంచి తక్కిందంతా.
కింద ఇనుము బయటపడింది,
దాని గీతల్లో ఇంకా కాస్త మసి.

"నచ్చలేదా?" అంది హిల్లా.
"నచ్చింది. కాస్త ఎక్కువైంది."
చిటికెన వేలు చాపింది. "ఇదీ గీకనా?"
"అది ఉండనీ."

తుపాకి బీరువాలో పెట్టి తాళం వేశాను.
దీపం ఆర్పాక చూస్తే
దుప్పటి కింద ఆకుపచ్చ చుక్క ఒకటి
అటు తిరిగి, ఇటు తిరిగి
ఎంతకీ నిద్రపోలేదు.