నాన్న పద్దుల పుస్తకం

పొమెరేనియాలో మాకు మూడువేల ఎకరాల రై పొలం,
ఒక బంగాళాదుంప సారా బట్టీ,
ఇంటిపేరు ముందు ఒక ‘ఫాన్’.

నాన్న, ఎగ్బెర్ట్ ఫాన్ ట్రెస్కెనౌ,
బెర్లిన్ సభలో ధాన్యం సుంకం మీద
రెండు గంటలు ఏకధాటిగా ఉరిమి వచ్చేవాడు.
ఇంట్లో మాత్రం మాట పొదుపు.
బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా
దగ్గేవాడు.

ఆయన పోయాక పుస్తకం తెరిచాను.
1881 మార్చి: గుర్రప్పిల్ల, ఆడది, నల్లది, నుదుట చుక్క. పేరు లోటె.
దాని కిందే, అదే సిరాతో:
ఆడపిల్ల. ఓటిలీ క్షేమం.

ఆ రెండోది నేను.
పేరు రాయలేదు.

నవ్వుకుంటూనే తిప్పాను పేజీలు.
పోలిష్ కూలీలు అరవై మంది, తలకింత.
ఓటర్ల విందుకి బీరు, పన్నెండు పీపాలు,
పక్కన చిన్నగా: గెలుపు.

తమ్ముడు యోబ్స్ట్‌కి కంఠసర్పి సోకిన వారం
వాన. వాన. పైరు పడిపోయింది.
ఆపైన పదకొండు రోజులు
ఉత్త కాగితం.
నలభై ఏళ్ళ లెక్కల్లో
ఆయన లెక్క తప్పింది అక్కడే.

ఆ ఏటినుంచి ప్రతి అక్టోబరులో ఒక పద్దు,
చివరి ఏడు వణికిన చేతిరాతతో సహా:

చిన్న జీనుకి నూనె. ఆరు ఫెన్నిగ్‌లు.