పిల్లికి బిచ్చం

మా అత్తగారు చెల్లాయమ్మ
పిల్లికి బిచ్చం పెట్టదని
లొల్ల లాకుల దాకా పేరు.
గారె అప్పిస్తే
చిల్లు కూడా లెక్కలో రాసుకుంటుందంటారు.

ఆ సంగతి పిల్లులకెవరూ చెప్పినట్టు లేదు.
మా ఇంట్లో మూడున్నాయి.

తవుడు రంగులో ఉంది కాబట్టి ఒకటి తవుడు.
తెల్లారుజామున
బోర్లించిన కుండ కింద కొబ్బరిమట్ట అంటిస్తానో లేదో
నాకంటే ముందు పీటెక్కేస్తుంది.
పీట నాది, సెగ దానిది.
పక్కన గోనెపట్టా పరుచుకుని నేను.
జయ బియ్యం పిండినీళ్ళలో గుడ్డ ముంచి
కుండ మీద వేసి లాగితే
ఊపిరి తగిలితే చిరిగేంత పల్చటి రేకు.
అది లేచినప్పుడల్లా తవుడు తల లేస్తుంది
ఎడమనుంచి కుడికి
కుడినుంచి ఎడమకి
పూటకి మూడొందలసార్లు,
తీర్థంలో రంగులరాట్నం చూసే పిల్లాడిలా.
పంజా మాత్రం చాచదు.
ఇన్నేళ్ళ పనిలో
నా చేతివైపు అంత శ్రద్ధగా చూసినవాళ్ళు
ఇంకెవరూ లేరు.

రెండోవాడు సర్పంచి.
చెవి చిరిగిన గండుపిల్లి.
రాత్రంతా ఊరి పనుల మీద తిరిగి
పొద్దెక్కాక వచ్చి గుమ్మానికడ్డంగా పడుకుంటాడు.
అట్టపెట్టెలు తీసుకెళ్ళడానికొచ్చిన రావులపాలెం కుర్రాడు
పిల్లి ఎదురైందని మంచినీళ్ళడిగాడు.
ఎదురవడం కాదు బాబూ
వాడు లేవడు, దాటుకుని రా, అన్నాను.

కాలవ కట్టేసిన నెలలో మట్టుకు
వాడంత పనిమంతుడు లేడు.
అడుగున మిగిలిన గుంటల్లో
జెల్లలు కొట్టుకుంటుంటే
బురద మీద
పట్టుబట్ట కట్టుకున్నవాడిలా కాళ్ళెత్తెత్తి నడిచి
ఒకదాన్ని నోట కరుచుకొచ్చి
మా ఆయన చెప్పులో పెట్టాడు, ప్రాణంతోనే.
ఏకాదశని కూడా చూళ్ళేదు.
మా ఆయన ఒంటికాలి మీద గెంతుతుంటే
గడప మీద కూర్చుని
అభినందనల కోసం ఎదురుచూశాడు.

మూడోదానికి పేరు పెట్టలేదు.
నల్లది, అరచేయంత.
దిక్కుమాలినదానా, అని తిడుతుంది అత్తగారు.
అదే పేరనుకుని
ఎక్కడున్నా మ్యావుమంటూ పరిగెత్తుకొస్తుంది.

ఓ మధ్యాహ్నం అది
రేకుల దొంతర మీదకి దూకింది.
నూట ఇరవై రేకులు.
కాళ్ళకింద కరకరమంటే జడిసి
ఆ చప్పుడునుంచి పారిపోదామని
ఇంకో నాలుగడుగులు అక్కడే తొక్కి
అటకెక్కేసింది.
అత్తగారు చీపురు తిరగేసి
సాయంత్రందాకా అటక కింద కాపలా.
నేను ముక్కలు ఏరి చేటలో పోశాను.

ఇక నెయ్యి సంగతి.
నెయ్యి సీసా మీద రోజూ బొగ్గుతో గీత గీస్తుందావిడ.
చుట్టినవి యాభై అయితే
తగ్గాల్సింది ఎంతో ఆవిడకి తెలుసు.
వారంగా వేలెడు ఎక్కువ తగ్గుతోంది.
ఏమే, పిల్లలకేమైనా పోస్తున్నావా,
అని నా మొహంలోకి చూసింది.
లేదత్తయ్యా.
మళ్ళీ చూసింది.

ఆ రాత్రి కరెంటు పోయి మెలకువొచ్చింది.
పెరటి అరుగు మీద గుసగుస.
“మెల్లిగా నాకవే దిక్కుమాలినదానా,
ఎవడు తరుముతున్నాడు?
బెల్లం వెయ్యలేదులే, నీకు పడదు.
సర్పంచిగాడొస్తే నీకీ కాస్తా మిగలదు.”
చేటలోని విరిగిన ముక్క,
దాని మీద వేలితో రాసిన నెయ్యి,
ఆ వేలు చివర ఇంత నాలుక.
కళ్ళు మూసుకుని నాకుతోంది పిల్ల
లోకం చూడ్డం లేదనుకుని.
ఆవిడా అంతే.

చప్పుడు కాకుండా వచ్చి పడుకున్నాను.
పొద్దున్నే కొంగు తడిపి
సీసా మీద గీత తుడిచి
వేలెడు కిందకి గీశాను.
పీట దగ్గరికెళ్ళేసరికి
తవుడు అప్పటికే ఎక్కి కూర్చుంది,
ఇంకా మట్ట అంటించలేదేమని
నావైపు చూస్తూ.