పధ్నాలుగు అడుగులు

నా కారుది గుడ్డుసొన రంగు.
నలుగురెక్కితే నది మిట్ట దగ్గర ఆయాసపడుతుంది.
"హాల్యా, నీ గుడ్డు ఇంకా పిల్ల కాలేదా?"
పెట్రోలు బంకులో లోర్న్ స్వెయిన్
ప్రతి శుక్రవారం ఇదే అడుగుతాడు.
ప్రతి శుక్రవారం కాఫీ కప్పుల వెనక
అదే నవ్వు, కొత్తదానిలా.

నేనూ తక్కువేం తినలేదు.
అల్బెర్టా ఉత్తరాన ఈ ఊళ్ళో
బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పని నాది.
ఎర్ర పలక పట్టుకుని నిలబడి
వచ్చే ప్రతి పికప్ ట్రక్కు వెనక తొట్టీ చూస్తాను.
ఒకదానిలో మంచు.
ఒకదానిలో నిరుటి ఎండుగడ్డి, విరిగిన హాకీ కర్ర.
ఒకదానిలో ఏమీ లేదు, గీత కూడా పడని నలుపు.
ఏనుగంత బండి, మోసేది ఒక్క మనిషిని,
వాడి డోనట్ల డబ్బాని.
బాకీ రాసుకున్నట్టు
మనసులో ఒక్కొక్కటే రాసుకుంటాను.

జనవరిలో గుడ్డు గోతిలో పడింది.
మైనస్ ముప్పై ఎనిమిది. కనురెప్పలు అంటుకుపోతున్నాయి.
తాడు పట్టుకొచ్చినవాడు లోర్నే.
ఒక్క లాగు.
పాలపన్ను ఊడినట్టు వచ్చేసింది.
డబ్బులిస్తే తీసుకోలేదు.
"ఎక్కడికి పోతావులే, మళ్ళీ పడతావుగా."
ఆ రాత్రి నా బాకీల పుస్తకంలో
ఒక పేజీ చింపాల్సొచ్చింది.

మార్చిలో అతని మణికట్టు విరిగింది,
అదే బండిలోంచి దిగుతూ, జారి.
ఆసుపత్రి తొంభై కిలోమీటర్లు. దారంతా మోకాలి లోతు మంచు.
తాళాలు నా చేతిలో పెట్టి
అవతలి సీట్లో మూలుగుతూ కూర్చున్నాడు.
మెట్టు మీద కాలు మోపి, పిడి పట్టుకుని
అటకెక్కినట్టు ఎక్కాను.

చెప్పకూడదు గానీ చెబుతున్నాను,
బాగుంది.
సీటు కిందనుంచి వెచ్చన.
రోజూ నా కళ్ళలోకి దీపాలు కొట్టే బళ్ళన్నీ
నా కళ్ళ కిందనుంచి పోతున్నాయి.
దుంగల లారీ పక్కనుంచి దూసుకుపోతే
గుడ్డయితే రోడ్డు అంచుదాకా వణికేది.
ఇది ఉలకలేదు.
అరవై రెండేళ్ళుగా నేను పొట్టిదాన్ని.
ఆ తొంభై కిలోమీటర్లూ కాదు.
మలుపులో ఎవరిదో చిన్న కారు పక్కకి ఒదిగి దారిచ్చింది.
చెయ్యైనా ఊపలేదు నేను.

కట్టు కట్టించుకుని తిరిగొచ్చాం.
అతని వాకిట్లో ఆపి, దిగి, ముందు వైపు నడిస్తే
బానెట్ నా గొంతు గుంట దాకా వచ్చింది.
దాని కింద, టైరుకి రెండడుగుల దూరంలో
పక్కింటి పిల్ల టేసా వదిలేసిన మంచుబండి,
తాడు ఇంకా చుట్టి లేదు.
నాకు కనబడలేదు.

లోర్న్‌ని మళ్ళీ ఎక్కి కూర్చోమన్నాను.
"చెయ్యి విరిగినవాడితో ఆటలా?"
ఎక్కాడు.
నా ఎర్ర ఉన్ని టోపీ తీసి
ఆరేళ్ళ పిల్ల ఎత్తులో పట్టుకుని
బండి మూతికి ఆనుకుని నిలబడ్డాను.
"కనబడుతోందా?"
"ఏంటి?"
ఒక అడుగు వెనక్కి.
"ఇప్పుడు?"
"ఏంటి హాల్యా?"
ఇంకో అడుగు. ఇంకోటి.
చెవులు మొద్దుబారాయి.
పధ్నాలుగో అడుగు దగ్గర హారన్ మోగింది,
చిన్నగా, ఎడం చేత్తో.

ఏమీ మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడతాం.
ఆ బండే లేకపోతే
ఆ మంచులో ఆ చెయ్యి ఏమయ్యేదో.

శుక్రవారం బంకులో మళ్ళీ గుడ్డు గురించి అడిగాడు.
మళ్ళీ నవ్వారు.
బడి దగ్గర మాత్రం తెల్ల గీతకి అంత దూరాన,
బస్సు పట్టేంత ఖాళీ వదిలి ఆగుతాడు.
వెనకవాళ్ళు హారన్లు కొడతారు. కదలడు.
నేను పలకెత్తుతాను.
పిల్లలు దాటతారు,
టోపీల మీద ఉన్ని బంతులు గంతులేస్తూ.

సాయంత్రం గుడ్డులో దూరి
సీటు చివరిదాకా ముందుకి జరుపుకుని
ఇంటికి పోతుంటే
ఎదురు దీపాలు కళ్ళలో పొడుస్తాయి.
తిట్టుకుంటాను, అలవాటుగా.
తిట్టు పూర్తయ్యేలోపే
ఆ ఎత్తు గుర్తొస్తుంది.