ప్రైవేటు గైడు

ప్రైవేటంటే మాకు తెలిసింది
లెక్కల మాస్టారి అరుగు మీద సాయంత్రం చాప.
గైడంటే
పది పరీక్షల ముందు కొన్న
అట్ట చిరిగిన సెకండ్‌హ్యాండ్ పుస్తకం.
ఆ రెండూ కలిసి ఒక మనిషవుతాయని,
ఆ మనిషి లావోస్‌లో ఉంటాడని,
కారుతో సహా రోజుకి ఇరవై ఎనిమిది రియాళ్ళకి
మా ఇద్దరి కోసమే వస్తాడని
సోహార్‌లో, జులై రాత్రి,
దమయంతి ఫోనులో చూసి చదువుతుంటే
నవ్వాగలేదు నాకు.

"మెల్లగా" అంది.
అటు ప్లైవుడ్ గోడ.
గోడవతల మా హాలు అద్దెకి తీసుకున్న లుత్ఫర్ భాయ్,
చిట్టగాంగ్ దర్జీ,
అర్ధరాత్రి దాకా డిష్‌డాషాలకి మెడకుచ్చులు కుడతాడు.
ఆ మిషను చప్పుడే మా గదికి తలుపు.
కింది అంతస్తులో మా పలాసవాళ్ళు నలుగురు.
ఒక్క మాట జారితే
తెల్లారేసరికి మా వీధి కుళాయి దగ్గరుంటుంది.

"ఈసారి సెలవు దొరకలేదు" అని
ఇంటికి అప్పుడే చెప్పేశాం.
పదహారేళ్ళు, ఎనిమిది సెలవులు.
మరిది పెళ్ళి, జీడితోట రిజిస్ట్రేషను,
తోడల్లుడి ఆపరేషను, ఎవరివో గృహప్రవేశాలు.
ఒక్కటీ మేం తిన్నది లేదు,
అందరికీ వడ్డించి
ఖాళీ గిన్నెతో విమానమెక్కడమే.

లావోస్ అన్నది నేనే.
ఒక్కటే కారణం: ఆ దేశానికి సముద్రం లేదు.
సముద్రం లేదు గనక రేవు లేదు,
రేవు లేదు గనక
తలెత్తితే క్రేను కనపడదు.
నా కొక్కేనికి వేలాడని దేశం లేదు ఇన్నేళ్ళలో,
అన్నీ తాళం వేసిన పెట్టెలే.
ఒక్కదాని తలుపైనా తీసి చూడమన్నవాడు లేడు.

గైడు పేరు ఖమ్‌ఫోన్.
గొంతు పంపేవాడు రాత్రిళ్ళు.
అతని ఇంగ్లీషూ మా ఇంగ్లీషూ
దారి మధ్యలో ఎక్కడో కలిసి బీడీ ముట్టించుకునేవి.
మెట్లు ఎన్ని ఎక్కగలరు?
నేను: రోజూ రెండొందల పన్నెండు, నిచ్చెనవి.
దమయంతి: నాలుగు. మోకాళ్ళు నావి, నాలుగే రాయి.
ఆగస్టులో వానలు, పరవాలేదా?
ఈ ప్రశ్నకి ఏసీ కూడా ఒక్క క్షణం ఆగిందనుకుంటాను.
పరవాలేదు, పరవాలేదు,
రెండుసార్లు పంపాం.

ఏం చూడాలని ఉంది?
దీనికి మాత్రం మూడు రాత్రులు పట్టింది.
అడిగినవాళ్ళు లేరు కదా, జవాబు అలవాటు లేదు.
ఆసుపత్రి వంటగదిలో
రోజూ మూడొందల మందికి వార్చే మనిషి
చివరికి అంది:
"నేను వండని అన్నం."
వెదురుబుట్టలో వస్తుంది, బంకగా ఉంటుంది,
చేత్తో తినాలి, మీకు వచ్చా? అన్నాడు ఖమ్‌ఫోన్.
ఆమె దిండు కొరికింది, నవ్వు బయటికి పోకుండా.

తర్వాత అంది, మూడోరోజు ఏమీ పెట్టొద్దను.
గుడి వద్దు, జలపాతం వద్దు, నిద్ర లేపొద్దను.
దానికీ డబ్బు కట్టాలి మేడమ్, అతను నొచ్చుకున్నాడు.
కడతాం.
ఆ రోజు ఎదురుగా ఏమీ రాయని గడి
ఇరవై ఎనిమిది రియాళ్ళు.
పదహారేళ్ళలో మేం మాకోసం కొన్న వస్తువు అదొక్కటే.

ఫారంలో ఆఖరి ప్రశ్న:
ఆపదొస్తే ఎవరికి చెప్పాలి?
నేను ఆమె పేరు రాశాను.
ఆమె నాది రాయమంది.
ప్రయాణంలో లేని మనిషి కావాలన్నాడు.
వేళ్ళ మీద లెక్కపెట్టాం.
తెలిసినవాళ్ళందరికీ
ఆ పది రోజులూ మేం సోహార్‌లోనే ఉంటాం.
పోతే, సోహార్‌లోనే పోవాలి.

అప్పుడు ప్లైవుడ్ దగ్గింది.
"నా నంబరు రాసుకో భాయ్.
మూడోరోజు ఖాళీగా ఉంచారు, మంచి పని.
గొడుగులు మాత్రం అక్కడే కొనండి,
ఇక్కడివి ఎండకే."

దమయంతి కొంగు నోట్లో కుక్కుకుంది.
నేను పెన్ను తీశాను.
ఒక్కో అంకె చెప్పాడు, నిదానంగా,
కొలత చెప్పినట్టు.
ఆఖరి తొమ్మిది చెప్పేసి
మిషను తొక్కి
మా గది తలుపు మళ్ళీ వేశాడు.