రిమార్కుల గడి

ఆటోనగర్‌ల మా ఆఫీసంటే
ఒక రేకుల షెడ్డు, రెండు బీరువాలు,
ఆరు లారీల పుట్టుపూర్వోత్తరాలు.
ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, పాలసీ,
దేనికి ఎప్పుడు గడువు తీరుతదో
నాకు నోటికొచ్చు.
మా పెండ్లిరోజు మాత్రం
మా ఆయనే యాదిచేయాలె.

పోయినేడు ఎండకాలం
ఎనుమాములల మిర్చి ఎత్తుకున్న బండి
హుజూరాబాద్ ఇవతలి మలుపుల బోల్తాపడ్డది.
తెల్లారేసరికి రోడ్డంత ఎర్రగ.
సాయానికి ఉరికొచ్చినోళ్లంత
తుమ్ముకుంట, కండ్లు తుడుచుకుంట.
ఓదెలు కాలు క్యాబిన్ కింద ఉన్నదని
ఏడ్చిందెవరో
ఘాటుకు ఏడ్చిందెవరో
ఆ పొద్దు ఎవలకూ తెల్వలే.

సర్వేయర్ వస్తున్నడంటే
సదానందం సేటు రాత్రి ఫోన్ జేసిండు:
“యాకలక్ష్మీ, బ్రేకుల రిజిస్టర్ ఖాళీగున్నది గదా,
జర నింపు.”
నింపిన.
జనవరి సంది డిసెంబర్ దాక
ఒక్క కూసునుడుల.
బ్రేకులు బాగున్నయి.
బ్రేకులు బాగున్నయి.
వానకాలం కూడ బాగున్నయి.

ఫసీ సాబ్ అద్దాలు ముక్కుమీదికి జరిపి
పేజీలు తిప్పిండు, తొందరలేదు ఆయనకు.
“అమ్మా, మీ బ్రేకుల సంగతి నాకు తెల్వదు.
మీ పెన్ను మాత్రం ఏడాది పొడుగుత
ఒక్కతీరుగ నడిచింది.
ఒక్క గ్రీజు మరక లేదు.
ఒక్క పేజీ చెమటకు తడవలే.”
అంతే అన్నడు. చాయ్ తాగలే.

పాలసీ మలుపుకునే నెల వచ్చింది.
నో క్లెయిమ్ బోనస్ పాయె,
మీదికెల్లి ఇంకింత ఎక్కించిండ్రు.
సేటు కాయితం బల్లమీద కొట్టిండు,
“దోపిడీ గాకపోతే ఏంది గిది!”

ఆ అంకెను
నేను మాపటిదాక చూసుకుంట కూసున్న.
చూస్తాంటే మూట లెక్క విచ్చుకున్నది.
అండ్ల మూడోసారి రబ్బరు అతికిన టైరున్నది.
నాగపూర్ నుంచి వచ్చినోన్ని
కాళ్లు కడుక్కోనియ్యకుండ మళ్ల ఎక్కించిన రాత్రున్నది.
అడుగున
నా చేతిరాత ఉన్నది.

అప్పటిసంది పొద్దుగాల
టార్చిలైటు పట్టుకొని బండ్ల కిందికి ఒంగుతున్న.
మెకానిక్ పోరగాండ్లు మొదట్ల నవ్విండ్రు.
“ఎడమ దిక్కు, ఎనుక, గాలి లీకు. బండి నిలుపుడు”
అని రాసిన నాడు
జమ్మికుంట పత్తి కిరాయి పాయె.
సేటు నాతోని మూడ్రోజులు మాట్లాడలే.
నాలుగోనాడు జీతంల కోస్తడనుకున్న,
కొయ్యలే.

ఈ యేడు కాయితం వచ్చింది.
పదకొండు వేలు తక్కువ.
సేటు రెండుసార్లు చదివి “గింతేనా” అన్నడు.
జర సేపాగి చాయ్ తెప్పించిండు,
నాకొకటి, గేటుకాడ ఓదెలుకొకటి.

ఓదెలు ఇప్పుడు బండి తోలడు.
కాలు మడుతపడదు.
చేతిల ఇనుపరాడు పట్టుకొని
పోయే ప్రతి బండి టైర్లు కొట్టి, చెవొగ్గి ఇంటడు.
పదకొండు వేలల్ల
ఆ కాలు లెక్క యాడుందో
నాకైతే దొరుకలే.

నిన్న మాపటికి లోడెక్కిన బండి కాడ
ఒకపారి కొట్టిండు. మళ్లొకపారి కొట్టిండు.
డ్రైవర్ హారన్ మీద చెయ్యేసి
“అన్నా, పొద్దువోతాంది” అంటనే ఉన్నడు.
“యాకలక్ష్మమ్మా,
గీ లోపలి టైరు మాట్లాడుతలేదు.”

రిజిస్టర్ల తారీఖుకు గడి ఉన్నది,
గాలికి ఉన్నది, అరుగుడుకు ఉన్నది.
దీనికి లేదు.
రిమార్కుల రాసిన:
మాట్లాడుతలేదు.
బండి నిలుపుడు.

ఓదెలు తొంగిచూసి, సరిగ్గ రాసిన్నా లేదా అని
అక్షరాల మీద బొటనవేలు పెట్టిండు.
నల్లగ, గుండ్రంగ గ్రీజు మరక.
తుడువబోయి
ఊకున్న.