మూఢంలో ఒక ఫోటో

మూఢం. పెళ్లిళ్లు లేవు.
రాంనగర్‌లో నా స్టూడియో షట్టర్ సగమే లేస్తోంది.
గిరాకీ ఎగ్గొట్టినవాణ్ణి
ఇవాళ కళ్లారా చూద్దామని
విఠల్‌రావు సారు టెలిస్కోపు అడిగి తెచ్చి
డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టాను.

అడిక్‌మెట్ వైపు గంటసేపు మబ్బే.
తర్వాత ఒక్కసారిగా సూర్యుడు,
ఫిల్టర్‌లో బత్తాయంత.
చెంప మీద నల్ల చుక్క.

దుమ్మనుకున్నాను. ఊదాను.
అంగీ కొసతో లెన్సు తుడిచాను.
పోలేదు.
పక్కింటి నఫీసా కన్ను పెట్టి
"ఈగనా అంకుల్?" అంది.
శుక్రుడమ్మా.
"గింతేనా? దీనికేనా మీ పెళ్లిళ్లు ఆగింది?"

నలభై రెండు ఫోటోలు.
మధ్యాహ్నం కంప్యూటర్ ముందు
చెయ్యి దానంతటదే మచ్చ మీదికి పోయింది.
ఇరవై ఏళ్లుగా పెళ్లికూతుళ్ల మొహాలు
ఇట్లాగే నున్నగా చేశాను.
ఒక్కతే, వారాసిగూడ అనసూయ,
ఆల్బమ్ వెనక్కి తెచ్చి
"ఈమె ఎవరండీ?" అని
తన గడ్డం మీది మచ్చను వేలితో చూపించింది.

మౌస్ వదిలేశాను.
మళ్లీ నూట అయిదేళ్లకట.
ప్రింటు తీసి షోకేసులో పెట్టాను,
నవ్వుతున్న జంటల మధ్య.

సాయంత్రం ఎవరో ఆగి
బయటి నుంచి అద్దాన్ని
గోటితో గీకి చూస్తున్నారు.